ముల్లు తప్పితే కోత డ్రైవరు జీతంలోనా?

వాడపల్లి లంకల అరటి గెలలు రావులపాలెం మార్కెట్టుకు చేర్చే బళ్లలో పాత పికప్ వ్యాన్లు తక్కువేమీ కాదు. వాటి మీద బతికే డ్రైవర్ల దగ్గర మేము తరచూ వినే గోడు ఒకటుంది. "ముల్లు అర ట్యాంకు చూపించిందండి. లొల్ల లాకులు దాటకుండానే బండి ఆగిపోయింది. డీజిలు నువ్వే అమ్ముకున్నావన్నాడండి షావుకారు!" నెలాఖరున జీతంలో కోత. ముల్లు మాట వేదం, మనిషి మాట అబద్ధం!

అసలు ముల్లు సంగతేమిటి? ట్యాంకులో ఒక ఫ్లోటు ఉంటుంది. డీజిలు దిగేకొద్దీ అదీ దిగుతుంది. దాని చేయి ఒక తీగచుట్ట మీద జరిగి కరెంటు మారుతుంది, డ్యాష్‌బోర్డులో ముల్లు కదులుతుంది. ఆ చుట్ట అరిగినా, ఎర్తు వైరు తుప్పు పట్టినా ముల్లు అబద్ధమాడుతుంది. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలు చూసిన లంకల్లో తుప్పుకి కొదవా?

ముళ్లన్నీ ఒకేసారి తప్పితే ముందు ఫ్యూజు, డ్యాష్‌బోర్డు వెనక ఎర్తు, పాత బళ్లలో మీటర్లకు వోల్టేజి నిలకడగా ఇచ్చే చిన్న స్టెబిలైజరు చూడాలి. ఒక్కటే తప్పితే దాని సెండరో, వైరో. వేడి చూపే మీటరుకి చాలా పాత బళ్లలో సులువైన పరీక్ష ఉంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తాళం ఆన్ చేసి, సెండరు వైరు ఊడదీసి ఒక్క క్షణం ఇంజను ఇనుముకి తాకించాలి. ముల్లు వేడి వైపు లేచిందా, మీటరు బాగున్నట్టే, పోయింది సెండరు. కదలకపోతే వైరో, మీటరో. ఆయిలు ప్రెషరు ముల్లు సున్నాకి పడితే మాత్రం మీటరు తప్పేలే అనుకోవద్దు. ఇంజను వెంటనే ఆపి ఆయిలు పుల్ల తీసి చూడాలి.

డీజిలు లెక్క తేల్చాలంటే ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నిండా పోయించిన రోజున పట్టిన లీటర్లు, నడిచిన కిలోమీటర్లు రాయాలి. అందులోనూ ఒక చిక్కుంది. స్పీడు మీటరు కేబులు తెగితే కిలోమీటర్ల అంకెలూ ఆగిపోతాయి. బండి డీజిలు ఎక్కువ తాగినట్టు కనిపిస్తుంది. మళ్లీ నేరం డ్రైవరుదే!

నష్టం పేరుతో జీతం కోసే ముందు ఆ కార్మికుడి సంజాయిషీ వినాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే చెప్పింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. అందుకే డ్రైవరు సోదరులు బంకు రసీదులు దాచుకోవాలి, ముల్లు తప్పిన రోజే ఆ సంగతి కాయితం మీద పెట్టి యజమానికివ్వాలి. బండి యజమానిది, సెండరు మార్పించే ఖర్చూ ఆయనదే. ముందు అది మార్పించి తర్వాత లెక్క అడగమనండి.