ఆట చూడటానికి ఎన్ని చందాలు?

2025 సెప్టెంబరు 28 రాత్రి దుబాయిలో భారత్, పాకిస్తాన్ జట్ల మధ్య ఆసియా కప్ ఫైనల్ జరిగింది. 147 పరుగుల లక్ష్యం. 20 పరుగులకే మూడు వికెట్లు పోయాయి. అటువంటి దశలో హైదరాబాద్ కుర్రవాడు తిలక్ వర్మ 69 పరుగులతో ఆఖరిదాకా నిలబడి జట్టును గెలిపించాడు. టీవీ ఉన్న ప్రతి ఇంటా ఆ ఆట చూసి ఉంటారని అనుకుంటే పొరపాటే. అదే ఏడాది వేసవిలో ఐపీఎల్ కోసం స్టార్ ఛానెళ్ల ప్యాకేజీకి డబ్బు కట్టిన ఇంట్లో ఆ ప్యాకేజీతో ఆసియా కప్ రాలేదు. ఐపీఎల్ ప్రసార హక్కులు స్టార్ సంస్థవి. ఆసియా కప్ హక్కులు సోనీవి. ఆడేది ఒకే భారత జట్టు అయినా, ఆ జట్టును చూడటానికి వసంతంలో ఒకరికి, శరత్తులో మరొకరికి ముడుపు చెల్లించుకోవాలి.

ఈ బాధ పట్నవాసులకూ ఉన్నదే. కాని పల్లెల్లో అది పడే తీరు వేరు. కడప జిల్లాలో ఏ ఊరి బంకు దగ్గర నిలబడినా, మ్యాచ్ ఉన్న సాయంత్రం వినిపించే మొదటి ప్రశ్న ఎవరు టాస్ గెలిచారని కాదు, ఏ ఛానెల్లో వస్తుందని. రెండో ప్రశ్న, ఆ ఛానెల్ ఎవరింట్లో వస్తుందని. చందా కట్టిన ఇంటి వరండా నిండిపోతుంది. ఆ ఇంటి ఇల్లాలికి ఆ రాత్రి నిద్ర ఉండదు. కట్టలేని ఇంటి పిల్లలు గడప దగ్గరే నిలబడి, లోపలికి రమ్మంటారేమోనని చూస్తుంటారు. పదేళ్ల పిల్లవాడికి ఇది చిన్న అవమానం కాదు.

కేబుల్ బిల్లు సంగతి చూద్దాం. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త పద్ధతి అమలులోకి తెచ్చినప్పుడు, చూసే ఛానెళ్లకే డబ్బు కట్టండి, బిల్లు తగ్గుతుంది అని చెప్పారు. మొదటి వంద ఛానెళ్లకు పన్ను కాక 130 రూపాయలు కనీస రుసుము పెట్టారు. చందా ఛానెళ్లు దాని మీద అదనం. ప్యాకేజీలో కలిపే ఛానెల్ విడి ధర 19 రూపాయలు దాటరాదన్నారు. వినడానికి బాగానే ఉంది. అయితే ఆటల ఛానెల్ ఒక్కటి కావాలన్నవాడికి ఒక్కటి దొరకడం కష్టం. దానితోపాటు సీరియళ్లు, సినిమాలు, పిల్లల బొమ్మల ఛానెళ్లు కలిపి మూటగట్టి అంటగడతారు. ఒక్కటే కావాలని గట్టిగా అడిగితే, విడిగా తీసుకుంటే ఇంకా ఎక్కువవుతుందని సమాధానం. వంకాయలు కొనబోయినవాడికి గుమ్మడికాయ కూడా తూకం వేసే సంత ఇది. పైగా 2024 జూలైలో ఆ కనీస రుసుముపై ఉన్న గరిష్ఠ పరిమితిని కూడా ట్రాయ్ ఎత్తివేసింది. తగ్గుతుందన్న బిల్లు తగ్గిన ఇల్లు ఏ ఊళ్లోనైనా ఉంటే చూడవలసిందే.

ఊళ్లో అందరి తిట్లు తినేది కేబులతను. నెల మొదట్లో పుస్తకం పట్టుకుని వచ్చే ఆ మనిషి చేతిలో ఏమీ లేదు. ధర నిర్ణయించేది పెద్ద కంపెనీలు, పెట్టె తెరిచి మూసేది పట్నంలోని కంట్రోలు గది. అతని మీద కోపగించుకుని ప్రయోజనం లేదు.

సెల్‌ఫోన్‌లో చూసేవారి కథ ఇంకో విధం. 2023, 2024 సంవత్సరాలలో ఐపీఎల్ మొత్తాన్ని జియో సినిమా యాప్ ఉచితంగా చూపించింది. 2023లో వన్డే ప్రపంచ కప్‌ను హాట్‌స్టార్ ఫోన్లలో ఉచితంగా ఇచ్చింది. రెండు సంస్థలు పోటీపడుతున్నంత కాలం ప్రేక్షకుడు రాజు. పొలంలో మోటారు దగ్గర కాపలా ఉన్న రైతు, గొర్రెలు తోలుకుపోయిన కాపరి, బస్సు కోసం ఎదురుచూసే విద్యార్థి, అందరూ అరచేతిలో ఆట చూశారు. 2024 నవంబరులో ఆ రెండు సంస్థల వ్యాపారాలు ఒకటయ్యాయి. 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ వచ్చింది. ఆ వేసవి ఐపీఎల్‌లో కొన్ని నిమిషాలు ఊరికే చూపించి, ఆట రసవత్తరంగా మారేసరికి చందా అడగడం మొదలైంది. ఫోను ఒక్కదానికి మూడు నెలలకు 149 రూపాయలు. అదే ఇంట్లో టీవీకి కూడా కావాలంటే మరింత. చందా కట్టినంత మాత్రాన ప్రకటనలు పోవు. ఓవరు ఓవరుకూ అవే సబ్బులు, అవే బ్యాంకులు. ప్రకటనల డబ్బు ఒక చేత్తో, ప్రేక్షకుడి డబ్బు మరో చేత్తో తీసుకోవడం ఏ న్యాయమో ఆ కంపెనీలే చెప్పాలి. చందాకు తోడు, ఆట చూసినంతసేపూ కరిగే డేటాకు కట్టే రీఛార్జి వేరే ఉండనే ఉంది.

149 రూపాయలు ఎంతలెండి అనేవారున్నారు. 2025-26లో ఈ రాష్ట్రంలో ఉపాధి హామీ పని దినకూలి 307 రూపాయలు. కేబుల్, రెండు రకాల ఆటల ప్యాకేజీలు, ఫోను రీఛార్జి, యాప్ చందా అన్నీ కలిపితే ఎన్ని రోజుల మట్టి పని అవుతుందో లెక్క వేసుకోవడం కష్టం కాదు.

ఒకప్పటి సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 1975-76లో ఉపగ్రహం ద్వారా దేశంలో దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. ఊరంతటికీ ఒకటే పెట్టె, చూడటానికి రుసుము లేదు. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1987 ప్రపంచ కప్ నాటికి మిద్దెల మీద ఏంటెనాలు లేచాయి. గాలికి అది తిరిగినప్పుడల్లా ఒకరు పైకెక్కి తిప్పడం, కిందివారు వచ్చింది, పోయింది అని అరవడం, ఈలోగా వికెట్టు పడిపోవడం మామూలే. బొమ్మ సరిగ్గా రాలేదని తిట్టుకున్నారే గాని, డబ్బు కట్టలేదని తెర నల్లబడిన సందర్భం ఎవరికీ లేదు. అంతకుముందు టీవీకి లైసెన్సు రుసుము ఉండేది. దాన్ని కూడా 1980ల మధ్యలో కేంద్రం రద్దు చేసింది. ప్రభుత్వం వదిలిపెట్టిన రుసుమును కంపెనీలు పదింతలు చేసి పట్టుకున్నాయని ఇప్పుడు అనవలసి వస్తోంది.

నిజానికి చట్టం ప్రేక్షకుడి పక్షానే ఉంది. 1993 హీరో కప్ ప్రసార వివాదంలో సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెబుతూ గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని స్పష్టం చేసింది. 2004లో భారత జట్టు పాకిస్తాన్ వెళ్లినప్పుడు హక్కులు కొన్న ప్రైవేటు ఛానెల్ దూరదర్శన్‌కు ప్రసారం ఇవ్వలేదు. కోర్టు జోక్యంతోనే దేశం ఆ ఆటలు చూసింది. 2007 జనవరిలో వెస్టిండీస్ జట్టు ఇక్కడికి వచ్చినప్పుడు మళ్లీ అదే తగాదా. ఏడు నిమిషాలు ఆలస్యంగా దూరదర్శన్‌లో చూపే ఏర్పాటు జరిగింది. పక్క ఇంట్లో చప్పట్లు వినిపించిన ఏడు నిమిషాలకు మన ఇంట్లో సిక్సర్ పడితే ఆ సంబరం ఏపాటిదో చెప్పనక్కరలేదు. ఆ తర్వాతే పార్లమెంటు 2007లో క్రీడా ప్రసారాల చట్టం చేసింది. జాతీయ ప్రాధాన్యం గల ఆటల ప్రసారాన్ని, హక్కులు ఎవరు కొన్నా సరే, ప్రసార భారతికి ఇచ్చితీరాలి. ఆ ప్రసారంపై వచ్చే ప్రకటనల ఆదాయంలో 75 వంతులు హక్కుదారుకు, 25 వంతులు ప్రసార భారతికి. భారత జట్టు ఆడే అధికారిక వన్డేలు, టీ20లు ఆ జాబితాలో ఉన్నాయి.

మరి చట్టం ఉండగా ఈ చందాల గోల ఎందుకు? చిక్కు ఇక్కడ ఉంది. దూరదర్శన్‌ను ప్రతి కేబులతనూ చూపించాలని వేరే చట్టం ఉంది. కనుక మ్యాచ్ కూడా కేబుల్‌లో ఉచితంగా వచ్చేది. తాము కోట్లు పోసి కొన్నది ఇలా పంచిపెడితే తమ ఛానెల్ ఎవరు కొంటారని ప్రైవేటు సంస్థలు కోర్టుకెక్కాయి. పంచుకున్న ప్రసారాన్ని దూరదర్శన్ తన సొంత టవర్ల ద్వారా, తన డీడీ ఫ్రీ డిష్ ద్వారా మాత్రమే చూపాలని, కేబుల్ వారికి అది చేరరాదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుకే కేబుల్ ఉన్న ఇంట్లో డీడీ స్పోర్ట్స్ పెట్టి మ్యాచ్ కోసం ఎదురుచూస్తే వేరే కార్యక్రమం ప్రత్యక్షమవుతుంది. నెలనెలా బిల్లు కట్టే ఇంటికి ఆట రాదు. ఒకసారి డిష్, బాక్సు కొని, ఆపై పైసా కట్టనక్కరలేని ఫ్రీ డిష్ ఇంటికి వస్తుంది. చట్టం మాట ఒకటి, ఇంట్లో టీవీ తీరు మరొకటి. ఈ తేడా తెలియక ఎందరో ప్రతి మ్యాచ్‌కూ రిమోట్‌తో కుస్తీ పడుతున్నారు.

ఫ్రీ డిష్ ఉన్నవారి కష్టం కూడా తీరలేదు. ఐపీఎల్ ఆ జాబితాలో లేదు. అది ప్రైవేటు జట్ల పోటీ కనుక ఉండనక్కరలేదని వాదన. అది కొంతవరకు ఒప్పుకోవచ్చు. కాని కబడ్డీ మాటేమిటి? కబడ్డీ ఏ కంపెనీ కనిపెట్టిన ఆట కాదు. కోత అయిపోయిన మడిలో గీత గీసి, తిరునాళ్లలో, సంక్రాంతికి పందేలు కట్టి ఆడిన ఆట. 2014లో ప్రో కబడ్డీ లీగ్ పుట్టింది. మనవారి కోసం తెలుగు టైటాన్స్ జట్టు వచ్చింది. ఆటకు గౌరవం పెరిగింది, ఆటగాళ్ల చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి, సంతోషమే. అయితే ఆ ఆట పుట్టిన ఊరివాడే దాన్ని చూడటానికి చందా కట్టాలి. మన పెరట్లో కాసిన కాయను మనకే అమ్మినట్లుంది.

ఈ జిల్లాకు సంబంధించి మరొక ముచ్చట కూడా చెప్పాలి. వీరపునాయునిపల్లె మండలం నుంచి వెళ్లిన శ్రీచరణి 2025 మహిళల ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీసింది. నవంబరు 2న నవీ ముంబైలో కప్పు గెలిచిన జట్టులో ఆమె ఉంది. కడప జిల్లా ఆడపిల్ల అంత దూరం పోయి బంతి వేస్తుంటే చూడటానికి కేబుల్ ఉన్న ఇంటికి చందా ఛానెల్ కావలసి వచ్చింది. 2007 చట్టం వెంట తయారైన తొలి జాబితాలో క్రికెట్ అంటే పురుషుల జట్టు అనే రాశారు. ఆనాడు రాసినవారికి ఇటువంటి రోజు వస్తుందని తోచి ఉండదు. మహిళల ఆటలకూ ఏ షరతూ లేకుండా అదే హోదా ఉండవలసిందే. వాటిని చూసి బ్యాటు పట్టవలసిన బాలికలు ఎక్కువగా ఉన్నది చందా కట్టలేని ఇళ్లలోనే.

కంపెనీల వాదన వినకపోవడం ధర్మం కాదు. 2022 జూన్‌లో ఐపీఎల్ హక్కులు 2023 నుంచి 2027 వరకు ఐదేళ్లకు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. అప్పటి లెక్కలో మొత్తం 410 మ్యాచ్‌లు, అంటే ఒక్కో మ్యాచ్‌కు సుమారు 118 కోట్లు. అంత పెట్టినవారు రాబట్టుకోకుండా ఉండరు. ఆ డబ్బులో కొంత రాష్ట్ర క్రికెట్ సంఘాలకు, మైదానాలకు, యువ ఆటగాళ్లకు చేరుతున్న మాట కూడా నిజమే. ప్రపంచంలో ఎక్కడా పెద్ద ఆటలన్నీ ఉచితం కావు. కాని హక్కుల ధర పెంచుకున్నది బోర్డు, పోటీపడి కొన్నది కంపెనీలు. ఆ పందెంలో ప్రేక్షకుడిని ఎవరూ అడగలేదు. చివరికి బిల్లు మాత్రం అతని చేతిలో పెట్టారు. ఇంకొక ప్రమాదం ఉంది. విసిగిన కుర్రవాళ్లు దొంగ యాప్‌లు, టెలిగ్రామ్ లింకుల వెంట పడుతున్నారు. ఆ లింకుల పక్కనే బెట్టింగు ప్రకటనలు కాచుకుని ఉంటాయి. ఆట చూడబోయి అప్పులపాలైన కుటుంబాల బాధ పల్లెలకు కొత్త కాదు. దొంగదారి తప్పే. కాని రాజమార్గంలో అడుగడుగునా సుంకం గేటు పెట్టినవారికీ అందులో వాటా ఉంది.

చేయదగిన పనులు చేతికందని దూరంలో లేవు. కేబుల్ ఇళ్లకు కూడా జాబితాలోని ఆటలు దూరదర్శన్‌లో అందేలా 2007 చట్టాన్ని పార్లమెంటు సవరించాలి. తీర్పు ఉన్న చట్టానికి అర్థం చెప్పిందే గాని, చట్టాన్ని మార్చవద్దని అనలేదు. ఆటల ఛానెల్‌ను నెలకు, మూటకు కాక రోజుకు, మ్యాచ్‌కు అమ్మే పద్ధతిని ట్రాయ్ తప్పనిసరి చేయాలి. ఏడాదిలో పది ఆటలు చూసేవాడు పన్నెండు నెలలు ఎందుకు కట్టాలి? దూరదర్శన్ కూడా భారత జట్టు ఆడే రోజున సప్తగిరిలో తెలుగు వ్యాఖ్యానం ఇవ్వాలి. ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లో ముసలాయన హిందీ, ఇంగ్లీషు వ్యాఖ్యానం అర్థంకాక బొమ్మ మాత్రమే చూడవలసి రావడం బాగాలేదు.

జిల్లా స్థాయిలో చేయగలిగింది ఒకటుంది. పంచాయతీ కార్యాలయాల్లో టీవీ ఉన్న చోట ఒక ఫ్రీ డిష్ బిగించి, భారత జట్టు ఆడే రోజు సాయంత్రం తలుపు తెరిచి ఉంచితే చాలు. సర్పంచులు పూనుకుంటే దీనికి జీవో అక్కరలేదు, పెద్ద ఖర్చు కూడా కాదు. డిష్ ఏ దిక్కుకు తిప్పాలో చెప్పే కుర్రవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఐపీఎల్ హక్కుల గడువు 2027తో ముగుస్తుంది. ఆ తర్వాతి వేలం షరతులు రాసేటప్పుడు కనీసం ఫైనల్, తెలుగు ప్రాంతాల జట్టు ఆడే కొన్ని మ్యాచ్‌లు ఫ్రీ డిష్‌లో ఉచితంగా చూపాలన్న నిబంధన పెట్టించవలసిన బాధ్యత కేంద్ర సమాచార ప్రసార శాఖది. వేలం ముగిశాక అడిగితే, ఇచ్చేశాం, ఏమీ చేయలేమనే జవాబే వస్తుంది. జిల్లా నుంచి పార్లమెంటుకు వెళ్లినవారు ఈ మాట సభలో ఇప్పుడే అడగాలి.