మన రక్తం దోమతెర కాదు

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

"మీ ఏజెన్సీవాళ్ళకి మలేరియా ఏం చెయ్యదు, మీ రక్తంలోనే తట్టుకునే శక్తి ఉంది." మనలో చాలామంది విన్న మాటే ఇది. పొగిడినట్టే అంటారు. మనవాళ్ళు కొందరు దాన్ని గర్వంగా స్టేటస్ కూడా పెట్టుకుంటున్నారు. నేననేది ఒకటే: ఇది పొగడ్త కాదు, మన దోమతెర లాక్కునే మాట.

సైన్స్ పేరు చెప్పి అంటున్నారు కాబట్టి సైన్సే చూద్దాం. ల్యాబుల్లో బ్లాక్ సిక్స్ అనే నల్ల చిట్టెలుకలు ఉంటాయి. వాటికి ప్లాస్మోడియం చబౌడి అనే మలేరియా క్రిమిని ఎక్కిస్తే జబ్బుపడి కోలుకుంటాయి. ఏ/జె అనే తెల్ల చిట్టెలుకలకి అదే ఎక్కిస్తే చాలావరకు చచ్చిపోతాయి. అయితే నల్లవి గట్టి జాతి అనేద్దామా? ఆగండి. అవే నల్ల ఎలుకలకి ప్లాస్మోడియం బెర్ఘై అనే ఇంకో క్రిమిలో ఒక రకాన్ని ఎక్కిస్తే, జబ్బు మెదడుకెక్కి పది రోజుల్లోపే పోతాయి. అంటే "మలేరియాకి లొంగని జాతి" అనేది ఎలుకల్లోనే లేదు. మనుషుల్లో ఎక్కడినుంచి వస్తుంది?

ఇంకోటి. 2003లో కెనడా మెక్‌గిల్ యూనివర్సిటీవాళ్ళు చబౌడిని బాగా తట్టుకునే కొన్ని ఎలుకల్లో కారణం వెతికారు. ఎర్రకణాల్లో పైరువేట్ కైనేజ్ అనే ఎంజైమ్ లోపం అని తేలింది. ఆ లోపమే వాటికి రక్తహీనత కూడా తెచ్చింది. కాపలా ఊరికే రాలేదు.

2011లో పోర్చుగల్‌లో సికిల్ జన్యువున్న ఎలుకల మీద చూశారు. మెదడు మలేరియా రాలేదు, నిజమే. కానీ ఒంట్లో క్రిములు మాత్రం తగ్గలేదు. తట్టుకోవడం వేరు, సోకకపోవడం వేరు.

ఇప్పుడు మన సంగతి. సికిల్ జన్యువు అమ్మానాన్నల్లో ఒకరి నుంచే వస్తే, ఫాల్సిపారం మలేరియా ముదిరి ప్రాణం మీదకి రాకుండా చాలావరకు కాస్తుంది. ఇద్దరి నుంచీ వస్తే అది సికిల్ సెల్ జబ్బు. ఆ బిడ్డకి మలేరియా వస్తే మామూలు పిల్లలకంటే ప్రమాదం ఎక్కువ. ఇద్దరిలోనూ ఒక్కో జన్యువు ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అలా పుట్టే అవకాశం. మనలో ఎక్కువమందికైతే ఆ జన్యువే లేదు.

అసలు ఆ జన్యువు మన తెగల్లో ఎందుకు నిలిచింది? అది లేని పిల్లలు తరతరాలుగా మలేరియాతో ఎక్కువగా రాలిపోయారు కాబట్టి. అది మన బలానికి సర్టిఫికెట్ కాదు, పోయిన పిల్లల లెక్క. దాన్ని చూపించి మందు పిచికారీ మానేస్తామంటే ఒప్పుకుందామా?

"జన్యువుల మాటే ఎత్తొద్దంటావా?" అని అడగొచ్చు. కాదు, పూర్తిగా ఎత్తమంటున్నా. జన్యువుల మీద అంత శ్రద్ధ ఉంటే ఊరూరా సికిల్ పరీక్ష చెయ్యండి, కార్డు ఇవ్వండి. 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ పని అదే కదా. ప్రైమాక్విన్ బిళ్ళలిచ్చే ముందు జి6పిడి లోపం ఉందేమో చూడండి, ఉన్నవాళ్ళకి ఆ మందుతో ఎర్రకణాలు పగిలిపోతాయి.

మనం చెయ్యాల్సింది: జ్వరం వస్తే ఆ రోజే రక్త పరీక్ష. వానలకి ముందే పిచికారీ, హాస్టల్ కిటికీలకి జాలీ, మంచానికో దోమతెర కావాలని రాసి సంతకాలతో ఇవ్వాలి. ఈసారి ఎవరైనా "మీకేం కాదులే" అంటే నవ్వి ఊరుకోవద్దు. "ఏ జన్యువు? ఏ క్రిమి? పరీక్ష చేశారా?" అని అడగండి.