ఫొటో వెనక పేరు రాయండి
ఘోషా స్త్రీల కోసం ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచారు. అందులో ఫొటోలు తీసిందీ మహిళే. ఆయన మిగతా చిత్రాల్లో కనిపించే నిజాం మనకు తెలుసు, వైస్రాయ్ తెలుసు. పక్కన గుర్రం కళ్లెం పట్టుకున్న మనిషెవరో తెలియదు. మన ఇళ్లలోనూ ఇదే జరుగుతోంది, నా బాధంతా అదే. పెళ్లి గ్రూపు ఫొటోలో చివరన, పిల్లాణ్ని చంకనేసుకుని నిలబడ్డావిడ ఎవరో అమ్మమ్మకు తెలుసు. ఆ పట్టుచీర ఎవరిని అడిగి కట్టుకుందో కూడా చెబుతుంది. అమ్మమ్మ తర్వాత చెప్పేవాళ్లుండరు. ఫొటోను స్కాన్ చేసి ఫోన్లో దాచుకున్నంత మాత్రాన ఆ కబుర్లు రావు. ఈ ఆదివారమే ఆల్బమ్ తీసి పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. పేర్లు, ఊళ్లు, వరసలు అడిగి ఫొటో వెనక మెత్తని పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ వద్దు, దాని నొక్కు ముందువైపు ముఖాల మీద పడుతుంది.