ముల్లు మొరాయిస్తే...

మొదటి పదిహేను రోజుల్లోనే మూడు కిలోలు! అన్నం మానేసిన ఆ ఇల్లాలి సంబరం చూడాలి. ఎప్పుడో బిగుతైపోయిన జాకెట్లన్నీ బీరువాలోంచి బయటికొచ్చాయి. మూడు నెలలు తిరిగేసరికి 82 కిలోల మనిషి 74కి దిగింది. అంతే... అక్కడ ఆగిపోయింది. అయిదు వారాలుగా పొద్దున లేవగానే ఓసారి, స్నానం చేశాక ఓసారి యంత్రం ఎక్కడం, దిగి నిట్టూర్చడం. ‘ఒక్క ముద్ద పెరుగన్నం తినమ్మా, ఏం కాదులే’ అని అత్తగారు. ‘వద్దత్తయ్యా, ఈ నాలుగు రోజులూ నిమ్మకాయ నీళ్ల మీదే ఉంటాను’ అని కోడలు. ఆమె రోజూ షుగరు మాత్ర వేసుకుంటుందన్న సంగతి ఆ క్షణాన ఇద్దరికీ గుర్తు లేదు!

2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార పద్ధతి ఊరూరా మారుమోగిన దగ్గర్నుంచీ తెలుగిళ్లలో ఇలాంటి సంభాషణలు మామూలైపోయాయి. నిజానికి ఈ ముచ్చట చాలా పాతది. లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే విలియం బాంటింగ్ అనే పెద్దమనిషి రొట్టె, బంగాళాదుంప, చక్కెర, బీరు మానేసి సన్నబడ్డానంటూ 1863లోనే చిన్న పుస్తకం అచ్చువేసి పంచాడు.

మరి జోరుగా దిగిన బరువు ఎందుకు ఆగుతుంది?

మొదట్లో తగ్గిన దాంట్లో ఎక్కువ భాగం నీరే. కాలేయం, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో దాదాపు అర కిలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ప్రతి గ్రామూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే ఆ నిల్వ కరిగి, నీరూ పోతుంది. ఆ వేగమే ఎప్పుడూ ఉంటుందనుకోవడం దగ్గరే పొరపాటు.

రెండో కారణం అసలైనది. 74 కిలోల శరీరానికి 82 కిలోల శరీరానికున్నంత ఖర్చు ఉండదు. తగ్గిన ప్రతి కిలోకీ శరీరం రోజువారీ ఖర్చును 20 నుంచి 30 కెలోరీలు తగ్గించుకుంటుందనీ, ఆకలిని మాత్రం దాదాపు 100 కెలోరీల మేర పెంచుతుందనీ అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 2016లో లెక్కగట్టింది. ఎనిమిది కిలోలు తగ్గినావిడకు రోజుకు సుమారు 200 కెలోరీల ఖర్చు తగ్గిపోయిందన్నమాట. ఆకలేమో అంతకు నాలుగింతలు పెరిగింది. పట్టుదల సడలిందని తిట్టుకోవాల్సిన పని లేదు, ఒంటి స్వభావమే అంత.

ఇక వంటింట్లోకి వెళ్దాం. దొంగ అక్కడే దొరుకుతాడు. 200 కెలోరీలంటే ఎంత? రెండు పెద్ద చెంచాల నెయ్యి కూడా అవసరం లేదు. ‘కొవ్వు ఎంతైనా తినొచ్చు’ అన్న మాట చెవినపడ్డాక నెయ్యి చెంచాతో కాకుండా గిన్నెతోనే వంచేస్తారు. తిన్న కొవ్వు ఖర్చయ్యాకే కదా, ఒంట్లో పేరుకున్నది కరిగేది! గుప్పెడు వేరుశనగ గుళ్లు, అంటే 30 గ్రాములు, 170 కెలోరీలు. టీవీ సీరియల్ అయ్యేలోగా రెండు గుప్పెళ్లు మాయం. జీడిపప్పూ అంతే. చింతపండు పులుసులోనూ, ఆమ్లెట్ మీద చల్లుకున్న కందిపొడిలోనూ, రోజుకు నాలుగుసార్ల కాఫీలో పోసే పాలలోనూ పిండిపదార్థాలున్నాయని ఎవరు లెక్కేస్తారు? ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్లయితే మరీ విడ్డూరం. చక్కెర లేదు సరే, మైదా ఎక్కడికి పోతుంది?

అందుకే ముందు చేయాల్సింది, ఒక్క వారం పాటు తిన్నదంతా నోటు పుస్తకంలో రాయడం. నూనె, నెయ్యి చెంచాతో కొలిచి వేసుకోవడం. రుచి చూడటానికని నోట్లో వేసుకున్నదీ రాయాలి సుమా! చాలామందికి ఆ పుస్తకమే జవాబు చెబుతుంది. నెయ్యి తగ్గించిన చోట గుడ్లు, చేపలు, చికెన్, శాకాహారులైతే పనీరు, మీల్‌మేకర్ పెంచితే కడుపు నిండినట్టుంటుంది. వాటితోపాటు వారానికి రెండు మూడుసార్లు తేలికపాటి బరువులు ఎత్తితే కండ నిలుస్తుంది. రోజూ నడుస్తున్నాం కదా అనుకునేవారికి ఈ ముక్క రుచించదు గానీ, నడక ఒక్కటే చాలదు.

నిమ్మకాయ నీళ్ల సంగతి? ఇక్కడ మాత్రం గట్టిగా చెప్పాల్సిందే. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ తిండి మానేస్తే షుగరు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పొచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవారికి మరో ప్రమాదం. షుగరు పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలైతే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. షుగరుకే కాదు, బీపీకి మందులు వాడేవారు కూడా అన్నం మానేముందే డాక్టరుకు చెప్పాలి. బరువు తగ్గిన కొద్దీ ఆ మోతాదులు మార్చాల్సి రావచ్చు.

ఎనిమిది కిలోలంటే మొత్తం బరువులో దాదాపు పదోవంతు. షుగరు, బీపీ అదుపులోకి రావడానికి 5 నుంచి 10 శాతం తగ్గినా మేలే. కొన్నాళ్లు అక్కడే నిలబెట్టుకోవడం కూడా చిన్న విషయమేం కాదు. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరినా, ముందురోజు ఆవకాయ కాస్త ఎక్కువైనా ముల్లు కిలో అటూ ఇటూ ఊగుతుంది. బరువు కదలని వారాల్లోనూ నడుం తగ్గుతూ ఉండొచ్చు. కుట్టుమిషన్ సొరుగులో టేపు ఉంటుంది కదా, దాంతో బొడ్డుకు కాస్త పైన కొలిచి రాసుకోండి. మన దేశంలో ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదన్నది డాక్టర్లు చెప్పే లెక్క.

యంత్రం మాత్రం వారానికి ఒక్కసారే, పరగడుపున. ఈ ఆదివారం చూసేశారా? ఇక దాన్ని మంచం కిందికి నెట్టేయండి, వచ్చే ఆదివారం దాకా.