సీసా మీద ఊరి పేరు.. ఊరికే రాలేదు!

జీడిపప్పు ప్యాకెట్ మీద ‘పలాస’ అని కనిపిస్తే మన శ్రీకాకుళం వాళ్లకి కాస్త గర్వంగానే ఉంటుంది. మరి ఆ పప్పు ఉద్దానం తోటల్లో కాసిందా, ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చి పలాసలో పొట్టు మాత్రం వలిపించుకుందా? రెండు రకాలూ వస్తున్నాయి. ప్యాకెట్ చూసి తేడా చెప్పడం కష్టం. ఊరి పేరుకి విలువ ఎలా కట్టాలో తెలియాలంటే ఒక ఫ్రెంచి వైన్ కథ వినాలి. తాగమని కాదు సుమా, చదవమని!

దాని పేరు ‘కోత్ ద్యు రోన్’. రోన్ నది లోయలో తయారవుతుంది. ఎర్ర రకంలో ప్రధానంగా మూడు ద్రాక్షల్ని కలుపుతారు. గ్రెనాష్ పండు రుచినీ ఘాటునీ ఇస్తుంది. సిరా రంగునీ మిరియాల వాసననీ తెస్తుంది. మూర్వెద్ర్ వగరు, బిగువు జోడిస్తుంది. అంటే గొప్పదనం ఒక్క పండుది కాదు, కలిపే పద్ధతిది.

ఈ పేరుతో వేరేచోటి సరుకు అమ్మేవాళ్లు అప్పుడూ ఉన్నారు. అందుకే 1737లో రోక్‌మోర్ అనే నదీ రేవు నుంచి వెళ్లే పీపాల మీద ‘సి.డి.ఆర్.’ అక్షరాలు ముద్ర వేయాలని రాజాజ్ఞ వచ్చింది. 1923లో ఆ ప్రాంతపు రైతుల్ని కూడగట్టి నిబంధనలు రాయించింది బారన్ ల రువా. ఆయన చదివింది న్యాయశాస్త్రం. 1937 నాటికి కోత్ ద్యు రోన్‌కి చట్టబద్ధమైన రక్షణ దొరికింది. ఏ నేలలో, ఏ ద్రాక్ష, ఎకరానికి ఎంత దిగుబడి దాటకూడదు.. అన్నీ కాగితం మీద ఉన్నాయి. తప్పితే ఆ పేరు వాడకూడదు.

ఇక దీనికి ఏ తిండి నప్పుతుంది? ఆ నేల మీద దొరికేదే! మూలికలు వేసి కాల్చిన గొర్రె మాంసం, సన్నసెగ మీద ఉడికించిన కూరలు, జున్ను. వైన్‌లోని వగరు మాంసకృత్తుల్ని పట్టుకుని మెత్తబడుతుంది. అదే వైన్‌ని కళింగపట్నం చేపల పులుసు పక్కన పెట్టండి. ఎర్ర వైన్‌లోని ఇనుము చేపతో కలిస్తే నీచువాసన పెరుగుతుంది, ఆల్కహాల్ మిరపకారపు మంటని రెట్టిస్తుంది. ఇక్కడ ఎండుచేపకి జత చోడి అంబలే. ఫ్రెంచివాళ్లకి ఉన్న రుచిజ్ఞానం మనకీ ఉంది. వాళ్లు రాసిపెట్టారు, మనం రాయలేదు. అంతే తేడా.

కళింగపట్నం కూడా నది ఒడ్డు రేవే. వంశధార ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు ఓడలు ఆగిన ఈ తీరం నుంచి ఇవాళ మత్స్యకార యువకులు గుజరాత్‌లోని వెరావల్‌కి వలస వెళ్తున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. చెట్టు మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. అలాంటి కష్టంతో పండిన గింజకీ, దిగుమతి గింజకీ ఒకే పేరు, ఒకే ధర అంటే రైతుకి న్యాయమేనా?

మనకీ చట్టం ఉంది. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం. అరకు కాఫీకి 2019లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో గుర్తింపు వచ్చింది. అయితే ట్యాగ్ వస్తే చాలు అనుకోవద్దు. తనిఖీ లేని ట్యాగ్ ఒట్టి స్టిక్కరే. దరఖాస్తులో సరిహద్దుల మ్యాప్, తయారీ విధానం, చరిత్ర, తనిఖీ ఏర్పాటు చూపాలి. దరఖాస్తు చేయాల్సింది ఒక్క వ్యాపారి కాదు, ఉత్పత్తిదారుల సంఘం.

ఇందులో మీకు పని కనిపించడం లేదా? మ్యాప్ గీయడానికి జీఐఎస్ తెలిసినవాళ్లు, నాణ్యత పరీక్షకి ఫుడ్ టెక్నాలజీ చదివినవాళ్లు, దరఖాస్తు రాయడానికి లా పట్టభద్రులు, తోట నుంచి ప్యాకెట్ దాకా గింజని వెంటాడే క్యూఆర్ కోడ్ వ్యవస్థకి మన ఇంజినీర్లు కావాలి. ఇవన్నీ కలిస్తేనే పని అవుతుంది. అదీ ఒక ‘బ్లెండ్’ అనుకోండి!

ఈ సెలవుల్లో మీ ఊళ్లో ఒక పంటనో, ఒక వంటనో ఎంచుకోండి. ఎక్కడ పండుతుంది, ఎవరు చేస్తారు, ఏ పద్ధతిలో, దేనితో తింటారు? పెద్దవాళ్లని అడిగి రెండు పేజీలు రాయండి. రేపు దరఖాస్తు వేసే సంఘానికి మొదటి కాగితం అదే కావచ్చు.