ప్రాణం పోసిన చేతులకు పరీక్షా?

‘ప్రతిభ’ అనే మాట వినీ వినీ మన చెవులు తూట్లు పడ్డాయి. రిజర్వేషన్ ఊసెత్తితే చాలు, ‘ప్రాణాల మీదికొస్తే ప్రతిభ లేని డాక్టరు దగ్గరికి పోతావా?’ అని ఎదురడుగుతారు. సరే, ప్రాణాల సంగతే మాట్లాడుకుందాం.

అమెరికాలో పిట్స్‌బర్గ్ అని ఉక్కు ఫ్యాక్టరీల ఊరుంది. అందులో నల్లవాళ్ళ పేట హిల్ డిస్ట్రిక్ట్. 1950లలో ఆ పేట కింది భాగాన్ని కూలగొట్టి, సుమారు 8 వేల మందిని లేపేసి, ఆ జాగాలో పెద్ద ఆటశాల కట్టారు. మిగిలిన పేటలో ఎవరికి గుండె ఆగినా పోలీసు వ్యానే దిక్కు. రోగిని వెనక పడేసి పోలీసులిద్దరూ ముందు సీట్లో కూర్చునేవాళ్ళు. దారిలో చస్తున్నాడో బతుకుతున్నాడో చూసే నాథుడు లేడు. అసలు పోలీసుని పిలవాలంటేనే నల్లవాళ్ళు జంకేవాళ్ళు. ఎందుకో మన వాడల్లో ఎవర్నడిగినా చెప్తారు.

1967లో ఫ్రీడమ్ హౌస్ అనే నల్లవాళ్ళ సంస్థ, పీటర్ సఫర్ అనే డాక్టరు కలిశారు. ఆగిన ఊపిరిని నోటితో ఊది నిలబెట్టే పద్ధతిని నిరూపించిన పెద్ద డాక్టరాయన. వాళ్ళు ఎవర్ని తీసుకున్నారు? పెద్ద చదువుల వాళ్ళని కాదు. ఊరు ‘పనికిరానివాళ్ళు’ అని ముద్రేసిన ఆ పేట కుర్రాళ్ళనే తీసుకున్నారు. హైస్కూలు దాటనివాళ్ళు, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళు, జైలు చూసొచ్చినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. 300 గంటల శిక్షణిచ్చారు. గుండెకు కరెంటు షాకివ్వడం, గొంతులోకి గొట్టం వేసి ఊపిరి అందించడం రోడ్డు మీదే చేసి చూపించారు. ఇవాళ మన ఊరికి 108 బండి వస్తే రోగి పక్కన కూర్చుని ఆక్సిజన్ పెట్టే మనిషుంటాడు గదా, ఆ పని అమెరికాలో మొదట చేసినవాళ్ళలో ఈ కుర్రాళ్ళున్నారు. మొదటి ఏడాదే 5,800 పైచిలుకు పిలుపులకు వెళ్ళారు. తర్వాత వాళ్ళతో కలిసి పనిచేసిన డాక్టరమ్మ నాన్సీ కరోలిన్ తయారుచేసిన పాఠాలు దేశమంతటికీ పాఠాలయ్యాయి.

మరి ఊరేం చేసింది? తెల్లపేటల్లో మాత్రం పోలీసు వ్యానే తిరిగింది. ‘ఆ పేదపేటకున్న సదుపాయం మాకెందుకు లేదు?’ అని తెల్లవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. (ఇలా అడగాల్సిన గతి వాళ్ళకు పట్టడం చరిత్రలో అరుదే!) అప్పుడు మేయర్ పీట్ ఫ్లాహెర్టీ నగరమంతటికీ సర్కారు అంబులెన్సులు పెట్టాడు. 1975 అక్టోబరులో ఫ్రీడమ్ హౌస్‌ను మూసేశారు. దాని పనివాళ్ళని తీసుకుంటామన్నారు, తీసుకున్నారు. కానీ జట్లు విడగొట్టారు. పరీక్షలు పెట్టారు. పాత కేసులు తవ్వి కొందర్ని ఇంటికి పంపారు. ఏళ్ళ తరబడి ప్రాణాలు కాపాడినవాళ్ళని నిన్నగాక మొన్నొచ్చిన తెల్లవాళ్ళ కింద పెట్టారు. సామాన్లు మోయండి, రోగిని మాత్రం ముట్టొద్దన్నారు.

ముట్టొద్దు! ఈ మాట మనకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 1972లో బొంబాయిలో మనవాళ్ళు అమెరికా బ్లాక్ పాంథర్ల పేరు తెచ్చి దళిత్ పాంథర్స్ అని పెట్టుకున్నది ఊరికే కాదు.

ఒకే బండిలో, ఒకే రోగి ముందర, పని వచ్చినవాడు చేతులు కట్టుకుని నిలబడాలి. రానివాడు హుకుం జారీ చెయ్యాలి. అవమానం భరించలేక ఒక్కొక్కరే మానేశారు. దాన్నేమన్నారో తెలుసా? నిలబడలేకపోయారన్నారు. 1990ల చివరికొచ్చేసరికి ఆ ఊరి అంబులెన్సు సిబ్బందిలో నూటికి 98 మంది తెల్లవాళ్ళే. పాఠం రాసిచ్చిన పేటకు బడిలో సీటు లేదు.

కాబట్టి ప్రతిభ గురించి ఎవరన్నా మీటింగులో లేస్తే మన కార్యకర్తలు తడబడొద్దు. పరీక్ష ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, అంతకు ముందు ఆ పని చేసిందెవరు? ఈ మూడూ అడగండి.

ఫ్రీడమ్ హౌస్ నుంచి వచ్చి అన్నీ దిగమింగుకుని నిలబడ్డ జాన్ మూన్ ఆ శాఖలో అసిస్టెంట్ చీఫ్ దాకా ఎదిగాడు. ఒక్కడు ఎదిగితే జాతి ఎదిగినట్టు కాదని ఆయనకి తెలుసు. ఆ కుర్చీలో కూర్చున్నాక నల్ల పిల్లల్ని వెతికి వెతికి మళ్ళీ ఆ బళ్ళెక్కించే పని మొదలుపెట్టాడు.