నేలలోని కాయకు పక్వమెప్పుడు?

చెట్టుమీది పండు రంగు మారి తన పక్వమును తానే తెలుపును. జొన్నకంకిలోని గింజను గోటితో నొక్కి చూడవచ్చును. మట్టిలో దాగి పెరుగు పంట విషయమున గృహిణికి ఈ సౌకర్యము లేదు. ఉల్లి కొంత నయము. గడ్డ ఊరగానే ఆకులు మెడయొద్ద వాలిపోవును, చేనిలో సగమునకు మించి తలలు వాలినచో పెరుకవచ్చును. ఉర్లగడ్డకు ఆనవాలు వేరు, వేరుసెనగకు వేరు. ఒకదాని గురుతును మరియొకదానికి పట్టించినచో నష్టము తప్పదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల సోదరీమణులు వేరుసెనగను బుడ్డలందురు. వారికి నిత్యసంబంధము బుడ్డలతోనే గనుక ఉర్లగడ్డను గూర్చి నాలుగు మాటలు చెప్పి బుడ్డలయొద్ద నిలుతుము.

ఉర్లగడ్డ చలికాలపు పంట. రాత్రులు చల్లబడినగాని గడ్డ ఊరదు. కావున ఆదోని ఎండలలో దానిని పెంచదలచువారు కార్తికమున నాటి, ఎండలు ముదురకముందే త్రవ్వుకొనవలయును. మూడు మాసములకు ఆకు పసుపువన్నెకు తిరిగి కాడ వాలును. అప్పుడు నీరు కట్టుట మానవలయును. మరి పది దినములు గడ్డను మట్టిలోనే యుంచి, ఒకదానిని తీసి బొటనవ్రేలితో రుద్ది చూడుడు. తోలు ఊడివచ్చిన ఇంకను పచ్చిది, అంటుకొనియున్న తీయవచ్చును. తీసినదానికి ఎండ తగులరాదు. వెలుతురున నుంచిన గడ్డ పచ్చబడి చేదెక్కును. ఆ పచ్చదనము తినదగినది కాదు.

ఇక బుడ్డలు. ఈ మొక్క చేయు పని విచిత్రమైనది. పువ్వు నేలపైన, కాయ నేలలోపల! విత్తిన 25, 30 దినములకు చిన్న పసుపుపచ్చని పువ్వు పూయును. అది వాడిన పిమ్మట దాని మొదటినుండి ఊడ యొకటి బయలుదేరి క్రిందికి దిగి మట్టిని చొచ్చును. ఆ ఊడకొనయే కాయగా మారును. అయితే పూత ఒక్కనాటితో ముగియదు, వారములతరబడి సాగును. అందుచేత ఒకే మొక్కకు ముదిరిన కాయలును, పాలుగారు లేతకాయలును, అప్పుడే మట్టిని తాకిన ఊడలును కలసియుండును. అన్నియు ఒక్కమారే పండు దినము ఎన్నటికిని రాదు. ఎక్కువ కాయలు పండిన దినము నెంచుకొనుటయే మనము చేయగలిగినది.

దినములు లెక్కించినచో చాలదా యని కొందరు అడుగుదురు. లెక్క మంచిదే. దిండివనమునుండి 1940లో విడుదలయైన టి.ఎం.వి.-2 రకము సుమారు 105 దినముల పంట. కదిరి పరిశోధనా క్షేత్రమునుండి 1978లో వచ్చిన కదిరి-3 వంటి గుత్తి రకములకును ఇంచుమించుగా అంతియే. కాని నడుమ వాన చెయ్యిచ్చినయెడల పూత ఆగి, మరల తడి తగిలిన తరువాత సాగును. గడువు పదిపదునైదు దినములు జరుగును. పశ్చిమ కర్నూలులో వాన చెయ్యియ్యని సంవత్సరములెన్ని? కావున పరీక్ష యెప్పుడు మొదలుపెట్టవలయునో చెప్పుటకే లెక్క పనికివచ్చును. 95వ దినమున మొదటి మొక్కను పెరుకుడు.

ఆకును నమ్ముట మరింత ప్రమాదము. అడుగాకు పసుపువన్నె తిరిగి రాలుట పక్వమునకు గురుతే, సందేహము లేదు. కాని తిక్కతెగులు తగిలిన చేనిలోను ఆకు మచ్చలుపడి రాలును. ఉర్లగడ్డను చూచిన కన్నుతో దీనిని చూచి, ఆకు రాలినది గదా యని పెరికినచో గంపెడు లేతకాయలు దక్కును.

నమ్మదగిన పరీక్ష ఒక్కటే. గట్టుప్రక్కవి విడిచి, చేను నడుమ నాలుగైదు తావుల ఒక్కొక్క మొక్కను పెరుకుడు. కాయలన్నియు తెంపి ఒకదానివెంట నొకటి చిదుపుడు. పప్పును గాక డొల్ల లోపలి ముఖమును చూడవలయును. తెల్లగా మెత్తగా దూదివలెనుండిన లేతది. గోధుమవన్నె తిరిగి నల్లని మచ్చలు తేలిన ముదిరినది. పదింటిలో ఏడెనిమిది అట్లున్నప్పుడు పెరుకవచ్చును. సగమే యున్న, వారము తాళి మరల చూడుడు. ఈ పరీక్షకు చదువక్కరలేదు, ఖర్చు లేదు. ఉడికించుకొనుటకు పిల్లలకు కొన్ని కాయలును దొరకును.

తొందరపడిన నేమగును? పచ్చిలో గంప నిండుగానే కనబడును. ఎండిన పిమ్మట పప్పు ముడుతలుపడి తూకము తగ్గును, నూనెయు తక్కువ. ఆలస్యమైన నేమగును? ఊడలు మాగి తెగును, మొక్కను లాగిన కాయ మట్టిలోనే నిలచును. పరిగె ఏరుకొనువారికి అది పండుగ గాని ఇంటివారికి కాదు. నల్లరేగడి ఎండి బిగిసిన తరువాత మరియు కష్టము. పదును ఆరకముందే పెరుకవలయును. ఇంకొకటి కలదు. గుత్తి రకములలో పెక్కింటి గింజకు నిద్ర లేదు. పండిన చేనిమీద ఆశ్వయుజపు ముసురు పట్టినచో కాయ మట్టిలోనే మొలకెత్తును.

తొందరకు వేరొక కారణము కూడ ఈ సీమలో కలదు. పంట చేతికివచ్చిన పిమ్మట సుగ్గి యని ఇల్లువాకిళ్ళు విడిచి గుంటూరు సీమ మిరపకోతలకు తరలు కుటుంబములు అనేకములు. కన్నడమున సుగ్గి యనగా కోతలకాలము. 1953 వరకు బళ్ళారి జిల్లాలోనుండిన ఆదోనికి ఆ మాట పరాయిది కాదు. బయలుదేరు దినము నిర్ణయమైనచో చేనిలోని కాయకొరకు ఆగుట కష్టము. వారిని తప్పుపట్టుట మా యభిమతము కాదు. అట్టివారు కనీసము విత్తనమునకు కావలసిన నాలుగు సాళ్ళనైన పండనిచ్చి, తీయు పనిని ఇంటనుండు పెద్దవారికి అప్పగించిన మేలు.

పెరికిన మొక్కలను కాయలు పైకి వచ్చునట్లు తలక్రిందులుగా పరచి ఆరనియ్యవలయును. తడికాయను కుప్పవేయకుడు. కాయను చెవియొద్ద ఆడించిన గలగలమని పప్పు మ్రోగవలయును. వ్రేళ్ళతో నలిపిన ఎర్రపొర రాలవలయును. అంతవరకు ఎండ చాలలేదన్నమాటయే. ఇక్కడ అశ్రద్ధ కూడదు. 1960లో ఇంగ్లండున లక్షకుపైగా సీమకోళ్ళు హఠాత్తుగా చచ్చెను. కారణమేమని వెదుకగా, వాటికి పెట్టిన వేరుసెనగపిండిలో బూజు పుట్టించిన విషము కనబడెను. దానికి అఫ్లటాక్సిను అని పేరిడిరి. అది కాలేయమును చెరచును, పుట్టకురుపునకు దారితీయును. వేయించినను ఉడికించినను పూర్తిగా నశింపదు. పంట చివర బెట్టపడినను, పార తగిలి కాయ చితికినను, తడి ఆరకున్నను ఆ బూజు చేరును.

మంచి పప్పును అమ్మకమునకు పంపి, ముడుతపడినవి, రంగుమారినవి ఇంటి పొడికి దంచుకొనుట మన యిండ్లలో పొదుపుగా చెల్లుచున్నది. జొన్నరొట్టెతో ఆ పొడిని తినువారు ముఖ్యముగా పిల్లలే. కారముచేత బూజువాసన తెలియదు. అట్టి పప్పును పారవేయుడు. గేదెకును పెట్టకుడు, ఆ విషము పాలలోనికి దిగును.

విత్తనమునకు నిండుగా ముదిరిన కాయలనే ఏరి, మెల్లని ఎండలో ఆరబెట్టి, డొల్లతోనే దాచుడు. సంచిని వట్టినేలపై గాక బల్లమీద, గోడకు తగులకుండ ఉంచవలయును. ఒలిచిన పప్పు త్వరలో మొలకశక్తిని కోల్పోవును గనుక తొలకరి పడి విత్తుటకు సిద్ధమైనప్పుడే ఒలువుడు. ఒలుచునప్పుడు ఎర్రపొర చిట్లిన గింజను వంటకు తీసివేయుడు.